టెక్సస్‌లో దుప్పి వేట: ఏ పోతును వదలాలో మంచె ఎక్కకముందే తేల్చుకోవడం ఎలా

నవంబరు మొదటి శనివారం తెల్లవారుజామున ఓక్ చెట్ల మధ్య మంచె మీద కూర్చున్నవారికి ఆలోచించుకునే వ్యవధి చాలా తక్కువ. పొదల్లోంచి పోతు బయటికి వస్తుంది, తల ఎత్తి చూస్తుంది, నాలుగు అడుగులు వేసి మళ్లీ పొదల్లో కలిసిపోతుంది. మొత్తం పది పదిహేను సెకన్లు. లేడికి లేచిందే పరుగు అన్నట్టు ఆ క్షణంలోనే నిర్ణయం తీసుకోవాలని చూసేవారు ఏదో ఒక విధంగా నష్టపోతారు. చట్టం దాటి జరిమానా కడతారు. లేదా చట్టం ఒప్పుకున్నా తమ మనసు ఒప్పుకోని చిన్న పోతును పడగొట్టి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని బాధపడతారు. మొదటి రెండేళ్లలో నేను ఆ రెండో బాధ పడ్డాను. కాబట్టి నిర్ణయం ఇంట్లోనే, కాగితం మీద జరిగిపోవాలని నా గట్టి నమ్మకం.

హ్యూస్టన్, డాలస్ పరిసరాల్లో స్థిరపడి, తోటి ఉద్యోగులతోనో పొరుగువారితోనో వేటకు వెళ్లడం మొదలుపెట్టిన తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. ముందుగా మాటల సంగతి. మన కృష్ణజింక కొమ్ము జీవితాంతం ఉంటుంది. దుప్పి, కణుజు కొమ్ములు మాత్రం రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. అమెరికాలో తెల్లతోక జింక అని పిలిచేది ఈ రెండో తెగకు చెందినదే, అందుకే ఇక్కడ దుప్పి అంటున్నాను. మగది పోతు. కొమ్ము శాఖల చివర్లు కొనలు. శాఖలే లేని కొమ్ము సూదికొమ్ము.

మొదట కాగితాలు సరిచూసుకోండి

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి టెక్సస్‌లో వేటగాళ్ల శిక్షణ ధ్రువపత్రం ఉండాలి. వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, కాబట్టి నిరుటిది జేబులో ఉందని ధీమాగా ఉండకండి.

హెచ్1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు మరో విషయం తెలుసుకోవాలి. ఆ వీసాదారులు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు కలిగినవారికి అందులో మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్‌ను ఒక గంట చేతిలో పట్టుకున్నా ఈ నియమం వర్తిస్తుంది. వీసా మీద బతుకు ఆధారపడి ఉన్నప్పుడు వలస చట్టాలు తెలిసిన లాయర్‌ను ఒకసారి అడిగి, ఆ తర్వాతే రైఫిల్ ముట్టుకోండి.

ఇంకో మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని వేటాడటం నేరం. ఇక్కడి కొమ్మును జ్ఞాపికగా సూట్‌కేసులో పెట్టుకుని అనుమతులు లేకుండా ఊరికి తీసుకెళ్లే ఆలోచన కూడా చేయకండి.

మీ కౌంటీ నియమం చదవండి, మీ పక్క కౌంటీది కాదు

టెక్సస్‌లో 254 కౌంటీలు ఉంటే, ఎలాంటి కొమ్ములున్న పోతును కాల్చవచ్చో చెప్పే కొమ్ము నియమం వాటిలో 117 కౌంటీల్లో ఉంది. కంచెకు ఇవతల నేరమైనది అవతల కాకపోవచ్చు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా ప్రచురించే ‘అవుట్‌డోర్ యాన్యువల్’లో మీ కౌంటీ పేరు వెతికి, ఆ పేజీని ఫోనులో దాచుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు.

నియమం ఉన్న కౌంటీల్లో చట్టబద్ధమైన పోతు అంటే రెండిట్లో ఒకటి. కనీసం ఒక కొమ్ముకు శాఖ లేకుండా ఉండాలి, లేదా రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలు, ఆపైన ఉండాలి. 13 అంగుళాలంటే జానెడున్నరకు కాస్త తక్కువ. సీజనులో రెండు పోతుల వరకు అనుమతి ఉంటుంది గానీ వాటిలో 13 అంగుళాలు దాటినది ఒక్కటే ఉండాలి. శాఖ ఉన్నదా లేదా అని తేల్చడానికి కూడా కొలత ఉంది: ప్రధాన కొమ్ము నుంచి గానీ మరో శాఖ నుంచి గానీ కనీసం అంగుళం పొడవు బయటికి వస్తేనే దాన్ని కొనగా లెక్కిస్తారు. దూరం నుంచి చూస్తే అర అంగుళం బుడిపెకూ అంగుళం కొనకూ తేడా తెలియదు. తెలియనప్పుడు కాల్చకూడదు, అంతే.

ప్రభుత్వ పర్యవేక్షణలో ప్రత్యేక యాజమాన్య పథకంలో చేరిన స్థలాలకు వేరే నియమాలు ఉంటాయి. మిమ్మల్ని పిలిచిన రాంచ్ అందులో ఉందో లేదో యజమానిని ముందే అడగండి.

ఈ నియమం ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోండి

ఇది చదవకపోయినా వేటాడవచ్చు. కానీ చదివితేనే మీ సొంత నియమం రాసుకోవడం సాధ్యమవుతుంది. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

2002లో టెక్సస్ ఈ నియమాన్ని ఆరు కౌంటీల్లో ప్రయోగంగా మొదలుపెట్టింది: ఆస్టిన్, కొలరాడో, ఫయెట్, లవాకా, లీ, వాషింగ్టన్. (ఆస్టిన్ కౌంటీ అంటే ఆస్టిన్ నగరం కాదు. అది హ్యూస్టన్‌కు పడమటి వైపు ఉంటుంది.) చిన్న చిన్న కమతాలు, కంచె కంచెకూ ఒక వేటగాడు ఉన్న ప్రాంతం అది. కొమ్ము కనిపిస్తే చాలు కాల్చేవారు. ఏడాదిన్నర వయసులో మొదటిసారి కొమ్ములు మొలిచిన పోతు, రెండో జత మొలిచేదాకా బతకడమే గగనంగా ఉండేది. ఆడవి ఎక్కువై, ఎదిగిన పోతులు కరువైన మంద మిగిలింది.

అదే 2002లో పెన్సిల్వేనియా కూడా రాష్ట్రమంతటా కొమ్ము నియమం తెచ్చింది. అక్కడ కొలత వెడల్పు కాదు, కొనల లెక్క: ఎక్కువ ప్రాంతాల్లో ఒక వైపు కొమ్ముకు మూడు కొనలు ఉండాలి. అప్పటి దుప్పుల విభాగాధిపతి గ్యారీ ఆల్ట్ ఊరూరా సభలు పెట్టి వేటగాళ్లను ఒప్పించడానికి ప్రయత్నించారు. చాలామంది మండిపడ్డారు. నియమానికి ముందు అక్కడ వేటలో పడే పోతుల్లో నూటికి ఎనభై వరకు ఏడాదిన్నరవే. ఇప్పుడు మూడింట రెండు వంతులు రెండున్నర ఏళ్లు, అంతకు పైబడినవి.

కొనల లెక్కకు ఒక చిక్కు ఉంది. మిసిసిపీలో 1995 నుంచి, మొత్తం నాలుగు కొనలు ఉన్న పోతునే కాల్చాలనే నియమం నడిచింది. ఏడాదిన్నర పోతుల్లో మంచి మేత దొరికి, పెందలాడే పుట్టి బాగా ఎదిగినవాటికి ఆ వయసులోనే ఆరు, ఎనిమిది కొనలు వస్తాయి. బలహీనమైనవాటికి రెండే వస్తాయి. నియమం బలహీనమైనవాటిని కాపాడి, మెరుగైనవాటిని తుపాకీ ముందు నిలబెట్టింది. కొన్నేళ్ల తర్వాత పరిశోధకులు కొలిచి చూస్తే, కొన్ని ప్రాంతాల్లో అదే వయసు పోతుల కొమ్ములు ముందుకన్నా చిన్నవిగా కనిపించాయి. మంచి విత్తనాన్ని వండుకు తిని, తాలును నాటినట్టయింది.

టెక్సస్ వెడల్పును ఎంచుకోవడానికి కారణం ఇక్కడ తెలుస్తుంది. అక్కడి కొలతల్లో మూడున్నర ఏళ్లు నిండని పోతుల్లో అత్యధిక భాగానికి లోపలి వెడల్పు 13 అంగుళాలు రాదు. ఆ వయసు దాటినవాటిలో ఎక్కువ వాటికి వస్తుంది. కొనల కన్నా వెడల్పు వయసును బాగా పట్టిస్తుంది. అయినా అది కూడా వయసుకు నీడ మాత్రమే. ఇరుకు కొమ్ముల ముసలి పోతులు ఉంటాయి, వెడల్పు కొమ్ముల కుర్ర పోతులూ ఉంటాయి.

చట్టం లేకుండానే ఇదే ఫలితం సాధించవచ్చా? న్యూయార్క్ రాష్ట్రం ఆ ప్రశ్నను సూటిగా ఎదుర్కొంది. ఆగ్నేయ భాగంలోని 11 వేట విభాగాల్లో ఒక కొమ్ముకు మూడు కొనలు తప్పనిసరి చేసింది. మిగతా రాష్ట్రానికి విస్తరించమని ఒత్తిడి వచ్చినప్పుడు మాత్రం, 2016 నుంచి ‘చిన్న పోతులను మీ అంతట మీరే వదలండి’ అని వేటగాళ్లకు చెప్పే దారి పట్టింది. నాకు ఈ దారే నచ్చింది. మనిషి భయంతో వదిలిన పోతును, భయం లేని చోట కాల్చేస్తాడు. ఇష్టంతో వదిలినవాడు కంచెకు ఏ వైపున ఉన్నా వదులుతాడు. అయితే ఎవరూ ఏమీ వదలని ప్రాంతంలో మొదటి అడుగు చట్టమే వేయించాల్సి వచ్చిందన్నదీ నిజమే. ఆ ఆరు కౌంటీల అనుభవం నాకు అదే చెబుతోంది.

మీ సొంత నియమాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి

సీజనుకు నెల ముందు కూర్చుని రాయండి. వాక్యం చిన్నదిగా ఉండాలి, మంచె మీద గుర్తుకు రావాలి. మచ్చుకు నాది: ‘మూడున్నర ఏళ్లు నిండలేదనిపిస్తే కాల్చను. మాంసం కావాలంటే ఆడదాన్ని కాలుస్తాను.’

మీది ఇలాగే ఉండాలని లేదు. ఇదే మీ మొదటి సీజను అయితే, చట్టం అనుమతించిన ఏ పోతునైనా కాల్చే హక్కు మీకు ఉంది, దాన్ని తక్కువగా చూసే హక్కు ఎవరికీ లేదు. పిల్లల విషయంలో మరీను. పెన్సిల్వేనియా, న్యూయార్క్ రెండూ చిన్న వయసు వేటగాళ్లకు కొమ్ము నియమాన్ని సడలించాయి. పన్నెండేళ్ల అమ్మాయి గంటల తరబడి చలిలో కదలకుండా కూర్చుని, సరిగా గురిపెట్టి సూదికొమ్ము పోతును పడగొడితే, ‘ఇంకో రెండేళ్లు ఆగితే పెద్దదయ్యేది’ అనకండి. భుజం తట్టండి.

సూదికొమ్ముల గురించి ఒక మాట. టెక్సస్ చట్టం వాటిని కాల్చనిస్తుంది. సూదికొమ్ము పోతు జన్మలో బాగుపడదని, దాన్ని ఏరివేయాలని చాలామంది రాంచ్ యజమానులు నమ్ముతారు. టెక్సస్‌లోని కెర్ వన్యప్రాణి క్షేత్రంలో 1970ల నుంచి కంచెలో పెంచిన దుప్పుల మీద జరిగిన పరిశీలనలు ఆ నమ్మకానికి బలమిచ్చాయి. కానీ బయట అడవిలో ఆలస్యంగా పుట్టడం, వానలు లేక మేత తక్కువ కావడం కూడా సూదికొమ్ముకు కారణాలే. కరువు ఏడాదిలో సూదికొమ్ము చూసి జాతిని నిందించడం సరికాదు. నేను వాటిని వదిలేస్తాను.

ఇద్దరు ముగ్గురు కలిసి వేటకు స్థలం లీజు తీసుకుంటే అందరి నియమం ఒకటే కావాలి. దీన్ని ముందే, డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి. పక్క కమతం వారితో కూడా మాట్లాడండి. ఏడాదిన్నర వయసులో పోతులు చాలావరకు పుట్టిన చోటు వదిలి మైళ్ల దూరం వెళ్లిపోతాయి. మీరు వదిలిన పోతు పక్కవాడి మంచె ముందు నిలబడుతుంది, అతను వదిలినది మీ ముందుకు వస్తుంది. టెక్సస్‌లో వన్యప్రాణి శాఖ జీవశాస్త్రవేత్తలు భూయజమానులకు ఉచితంగా సలహా ఇస్తారు. వారిని పిలిచి అందరూ కలిసి కూర్చోవడం కన్నా మంచి మొదలు లేదు.

ఒకే చోట ఈ లెక్క తిరగబడుతుంది. దుప్పుల మెదడును తినేసే, మందు లేని సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) వ్యాధి వ్యాపించిన ప్రాంతాల్లో ముదురు పోతులకే అది ఎక్కువగా సోకుతుంది. అందుకే మిస్సోరీ రాష్ట్రం ఆ వ్యాధి నియంత్రణ కౌంటీల్లో కొమ్ము నియమాన్ని ఎత్తివేసింది. మీ లీజు అలాంటి మండలంలో ఉంటే, వదలడం కన్నా అధికారులు చెప్పినట్టు చేయడం, పరీక్షకు నమూనా ఇవ్వడం ముఖ్యం.

ఒంటిని చూసి వయసు చెప్పడం నేర్చుకోండి

కొమ్ముల మీద చేయి అడ్డుపెట్టి మిగతా ఒళ్లు చూడండి. ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) ఫొటోలతో ఇంట్లో సాధన చేస్తే రెండు నెలల్లో చూపు కుదురుతుంది.

ఏడాదిన్నర పోతు, కొమ్ములు తగిలించిన ఆడదానిలా ఉంటుంది. మెడ సన్నం, కాళ్లు ఒంటికి మించి పొడవు, నడుము బిగువు. రెండున్నర ఏళ్లకు మెడ కొంచెం బలుస్తుంది గానీ కాళ్లు ఇంకా పొడవుగానే కనిపిస్తాయి. మూడున్నరకు పందెపు గుర్రం వాటం వస్తుంది. ఛాతీ పిరుదుల కన్నా లోతుగా, మెడ కండపట్టి ఉంటుంది, అయినా మెడకూ భుజానికీ మధ్య గీత స్పష్టంగా తెలుస్తుంది. నాలుగున్నర దాటాక ఎదకాలంలో మెడ ఉబ్బి నేరుగా ఛాతీలో కలిసిపోతుంది. అయిదున్నర, ఆపైన పొట్ట జారి, వీపు కాస్త వంగి, కాళ్లు పొట్టివిగా అనిపిస్తాయి. వెనక కాళ్ల మడమ దగ్గరి గ్రంథులు నల్లగా తడిసి ఉంటాయి. కొమ్ము నిండుగా ఎదిగేది ఇంచుమించు అయిదు నుంచి ఏడేళ్ల మధ్యలోనే.

ఒక జాగ్రత్త: అక్టోబరు మొదట్లో మెడ ఉబ్బని పోతు నవంబరు మధ్యకు వేరే జంతువులా కనిపిస్తుంది. ఎప్పుడూ అదే నెలలో తీసిన ఫొటోలతోనే పోల్చండి.

మంచె మీద వరుస ఇది

మొదట బైనాక్యులర్. స్కోప్‌లోంచి చూసి గుర్తుపట్టాలనుకోవడం అంటే, అది ఏమిటో తెలియకముందే తుపాకీ గురిపెట్టడం. చెట్ల వెనక ఉన్నది మనిషి కావచ్చు.

వయసు ముందు చూడండి, కొమ్ము తర్వాత. వయసు మీ నియమానికి సరిపోకపోతే కొమ్ము కొలవాల్సిన పనే లేదు, కళ్లారా చూసి ఆనందించండి.

వయసు సరిపోతే వెడల్పు. చెవులు నిక్కబొడుచుకుని మీ వైపు గానీ పూర్తిగా అవతలి వైపు గానీ చూస్తున్నప్పుడు, ఒక చెవి కొస నుంచి రెండో చెవి కొస వరకు దూరం ఇంచుమించు 13 అంగుళాలు. కొమ్ములు లోపలి వైపు నుంచి చూసినా ఆ కొసలను దాటి ఉంటే చట్టానికి సరిపోతుంది. చెవులు వెనక్కి వాల్చినప్పుడు, పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఈ కొలత మోసం చేస్తుంది. దీనికి ఓపిక ఒక్కటే మందు. పోతు తల తిప్పేదాకా ఆగండి. తిప్పకుండా వెళ్లిపోతే వెళ్లిపోనివ్వండి.

తర్వాత దాని వెనక ఏముందో చూడండి: మట్టిగట్టు ఉందా, రోడ్డు ఉందా, పక్క ఇల్లు ఉందా. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే చట్టం వేటకు ఒప్పుకుంటుంది. కానీ ఆ చివరి పదిహేను నిమిషాల వెలుగులో కొమ్ము వెడల్పు తేల్చగలనని నేను ఎప్పుడూ నమ్మలేదు.

మాంసం కోసం ఆడదాన్ని కాల్చేటప్పుడు

ఏ రోజుల్లో, ఎన్ని అన్నది కౌంటీని బట్టి మారుతుంది, చూసుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు వేరు. ఆ ఏడాదే పుట్టిన మగపిల్లకు కొమ్ములు ఉండవు, నెత్తి మీద వెంట్రుకల కింద రెండు బుడిపెలు మాత్రమే ఉంటాయి. దాన్ని ఆడదనుకుని కాలుస్తాం. నేనూ కాల్చాను, దగ్గరికి వెళ్లి నెత్తి తడిమితే చేతికి బుడిపెలు తగిలాయి. అప్పటి నుంచి ఒంటరిగా వచ్చిన కొమ్ముల్లేని దుప్పిని కాల్చడం మానేశాను. మూడు నాలుగు కలిసి వచ్చేదాకా ఆగి, వాటిలో అన్నిటికన్నా పెద్దదాన్ని ఎంచుకోండి. చెవుల మధ్య తల గుండ్రంగా ఉంటే ఆడది, బల్లపరుపుగా ఉంటే పోతుపిల్ల.

ఈ మాంసంలో కొవ్వు చాలా తక్కువ. వేపుడుకు గట్టిపడుతుంది, కీమాకూ సన్నని మంట మీద ఇగురుకూ బాగుంటుంది. మీ ఇంటికి మించితే, ఆకలిగొన్నవారికి వేట మాంసం చేర్చే కార్యక్రమంలో పాల్గొనే మాంసం దుకాణాలకు ఇవ్వవచ్చు.

తప్పు జరిగితే

కొలత తీసి చూస్తే పన్నెండున్నర అంగుళాలే ఉందనుకోండి. దాచకండి, కొమ్ము విరగ్గొట్టకండి, అక్కడే వదిలేసి రాకండి. లైసెన్సుతో వచ్చిన ట్యాగ్ వేసి, గేమ్ వార్డెన్‌కు (వేట చట్టాలు అమలు చేసే అధికారికి) మీరే ఫోన్ చేయండి. మీ అంతట మీరు చెప్పుకున్నప్పుడు వార్డెన్ మాట తీరు, పట్టుబడ్డవాడితో మాట్లాడేటప్పటి తీరు ఒకటి కాదు.

ఇంటికి వచ్చాక

పడిన ప్రతి దుప్పి కింది దవడను తీసి, శుభ్రం చేసి, తేదీ, బరువు రాసిన చీటీ కట్టండి. దవడలో ముందు నుంచి మూడో పన్నుకు మూడు శిఖరాలు ఉంటే ఏడాదిన్నరలోపు. ఆ పన్ను ఊడి రెండు శిఖరాల పన్ను వచ్చిందంటే ఆ వయసు దాటింది. ఆ తర్వాతి వయసులను పళ్ల అరుగుదలను బట్టి అంచనా కడతారు. ఆ పద్ధతి 1949లో న్యూయార్క్‌లో సెవరింగ్‌హాస్ రూపొందించినది. మంచె మీద మీరు ఊహించిన వయసునూ దవడ చెప్పిన వయసునూ పక్కపక్కన రాయండి. మొదటి ఏడాది రెండిటికీ పొంతన ఉండదు, నాకూ లేదు.

వదిలిన పోతుల లెక్క కూడా అదే పుస్తకంలో రాయండి: తేదీ, చోటు, ఊహించిన వయసు, గుర్తుపట్టే ఆనవాలు. చిరిగిన చెవి, వంకర కొన, ఏదైనా సరే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో యజమాని అనుమతితో అదే స్థలంలో, కంచె దూకే చోట్ల, నీళ్ల తొట్టి దారుల్లో నడవండి. రాలిన కొమ్ములు అక్కడే దొరుకుతాయి. వంకర కొన ఉన్నది దొరికితే పుస్తకం తెరిచి పోల్చండి. కొమ్ము మొదలు దగ్గర చుట్టుకొలత తీసి, దొరికిన తేదీతో కొమ్ము మీదే పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది దాని రెండో జత పక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది.